మెయిల్ సర్వర్ ఫైలును ముట్టుకున్నవాళ్లు ఈరోజే చూసుకోవాలి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో సొంత డొమైన్ పేరు మీద మెయిల్ నడుపుకుంటున్న ప్రతి ఆఫీసుకూ నేరుగా చెబుతున్న మాట ఇది. కాలేజీ కావచ్చు, ఆసుపత్రి కావచ్చు, గల్ఫ్‌కు మనుషులను పంపే కన్సల్టెన్సీ, నూలు వ్యాపారి, విత్తనాల కంపెనీ, రైస్‌మిల్లు ఏదైనా కావచ్చు. మీ ఆఫీసు మూలన లైనెక్స్ వేసిన కంప్యూటర్ ఒకటి ఉండి, మెయిళ్లు దాంట్లోంచే పోతుంటే, అందులోని మెయిల్ కాన్ఫిగరేషన్ ఫైలును చివరిసారి ఎవరు మార్చారో, ఏం మార్చారో ఈరోజే కనుక్కోండి. మెయిల్ ప్రోగ్రాముగా పోస్ట్‌ఫిక్స్ వాడుతుంటే ఆ ఫైలు పేరు మెయిన్.సీఎఫ్. ఈటీసీ డైరెక్టరీలో పోస్ట్‌ఫిక్స్ ఫోల్డర్ కింద ఉంటుంది. రేపు చూద్దాంలే అనుకునే పని కాదిది. తప్పుగా తెరిచి ఉన్న మెయిల్ సర్వర్లను వెతికే ప్రోగ్రాములు ఇంటర్నెట్ మీద రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. వాటికి అమెరికా అనీ కోరుట్ల అనీ తేడా లేదు.

ఈ తప్పు ఎట్లా జరుగుతుందో సర్వర్ల పని చేసేవాళ్లకు తెలియంది కాదు. ఆఫీసులో కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. లేదా మెయిల్‌కు స్కాన్ పంపే జిరాక్స్ మిషన్ కొన్నారు. దాన్నుంచి మెయిల్ పంపితే సర్వర్ 554 నంబరు ఎర్రర్ ఇచ్చింది: రిలే యాక్సెస్ డినైడ్. వెంటనే సర్వర్ పెట్టిన పిల్లగాడికి ఫోన్. "తమ్మీ, మెయిల్ పోతలేదు, జల్ది చూడు, సార్ గరమైతున్నడు." ఆ పిల్లగాడు హైదరాబాద్‌లోనో, ఇంకో ఆఫీసులోనో ఉంటాడు. దూరం నుంచే లాగిన్ అయి, ఎక్కడో దొరికిన రెండు వరుసలు తెచ్చి అతికించి, సర్వీసును మళ్లీ స్టార్ట్ చేస్తాడు. మెయిల్ పోతుంది. సార్ చల్లబడతాడు. "పనైతుంది కదా, ఇగ ముట్టుకోకు" అన్నమాటతో విషయం అక్కడితో ముగుస్తుంది.

అతికించిన వరుస సాధారణంగా ఇట్లా ఉంటుంది: మైనెట్‌వర్క్స్ = 0.0.0.0/0. మైనెట్‌వర్క్స్ అంటే సర్వర్‌కు మనం ఇచ్చే మనవాళ్ల జాబితా. ఈ అడ్రసుల నుంచి వచ్చినవాళ్లు ఎవరికి మెయిల్ పంపమన్నా, పాస్‌వర్డ్ అడక్కుండా పంపించు అని దాని అర్థం. మామూలుగా అక్కడ ఆ కంప్యూటర్ సొంత అడ్రసు, మహా అయితే ఆఫీసు లోపలి నెట్‌వర్క్ ఉండాలి. నాలుగు సున్నాలు, గీత, మళ్లీ సున్నా రాస్తే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ మనవైపోయినట్టే. దాన్నే ఓపెన్ రిలే అంటారు. జిరాక్స్ మిషన్ ఒక్కదాని కోసం దాని ఒక్క అడ్రసు రాస్తే సరిపోయే చోట, భూగోళమంతటికీ అనుమతి ఇచ్చేశారన్నమాట.

నిజానికి భయపడాల్సింది ఇక్కడే. మామూలు తప్పు చేస్తే ఏదో ఒకటి ఆగిపోతుంది, ఎవరో ఒకరు అడుగుతారు. ఈ తప్పు చేస్తే ఏదీ ఆగదు, అన్నీ అంతకుముందుకంటే బాగా పనిచేస్తాయి. ఎర్రర్ రాదు, కంప్లయింటు రాదు. అందుకే పనిచేస్తున్న మెయిల్ సర్వర్‌ను చూసి ధైర్యంగా ఉండొద్దని చెప్పడం. మీ మెయిల్ ఆగకుండా పోవడం వేరు, మీ మెయిల్ మాత్రమే పోవడం వేరు.

పోయేది ఎవరి డబ్బు అని అడిగితే, ఈ మూడు ఊళ్ల జవాబు హైదరాబాద్ జవాబులాంటిది కాదు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల దుబాయ్‌లోనో మస్కట్‌లోనో సౌదీలోనో మనిషి లేని ఊరు వెతకాలి. పాస్‌పోర్టు కాపీ, మెడికల్ రిపోర్టు, ఆఫర్ లెటర్, వీసా, టికెట్ అన్నీ మెయిల్ మీదనో, మెయిల్ నుంచి వాట్సాప్ మీదికో ప్రయాణం చేస్తాయి. ఒక కన్సల్టెన్సీ సర్వర్ తెరిచి ఉందని మోసగాడికి తెలిస్తే వాడికి దొంగ డొమైన్ కొనే ఖర్చు కూడా మిగులుతుంది. ఆ కన్సల్టెన్సీ పేరుతోనే, దాని సర్వర్ నుంచే ఆఫర్ లెటర్ పంపిస్తాడు, వీసా స్టాంపింగుకు ఫలానా ఖాతాలో డబ్బు కట్టమంటాడు. అందుకున్నవాడు తెలివైనవాడై, జీమెయిల్‌లో అసలు మెసేజ్ తెరిచి వివరాలు చూశాడనుకోండి. పంపినవాడు అసలువాడేనా అని చూసే పరీక్షల్లో ఎస్పీఎఫ్ పాస్ అని ఉంటుంది, డీమార్క్ పాస్ అని ఉంటుంది. ఉండకేం చేస్తుంది? మెయిల్ నిజంగానే ఆ సర్వర్ నుంచే వచ్చింది మరి. జాగ్రత్తపరుణ్ని కూడా ముంచేది ఈ రకం మోసమే.

సిరిసిల్ల దారి కొంచెం వేరు. సాంచాల మీద బతికే ఊరది. నూలు కొనేవాళ్లకు, బట్ట అమ్మేవాళ్లకు సూరత్, భీవండి దాకా లావాదేవీలుంటాయి. భీవండిలోనైతే మన పద్మశాలి కుటుంబాలే తరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇన్‌వాయిస్ మెయిల్‌లో వస్తుంది, డబ్బు బ్యాంకు నుంచి పోతుంది. ఈ రెంటి మధ్య ఎవడో దూరి "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఈ నంబరుకు కట్టండి" అని అదే మెయిల్ వరుసలో, అదే సంతకంతో జవాబు రాస్తే, అనుమానం రావడానికి ఏముంటుంది? సేటు పంపిన డబ్బు పక్కదారి పడితే నూలు రాదు, నూలు రాకపోతే బీములు ఎక్కవు. సాంచాలు కిరాయికి నడుపుకునే ఆసామికి, అతని దగ్గర పనిచేసే కార్మికుడికి మెయిల్ సర్వర్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. వారం కూలి ఆగేది మాత్రం వాళ్లకే. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చినప్పటి నుంచి ప్రభుత్వ ఆర్డర్ల చుట్టూ తిరుగుతున్న ఊరు కాబట్టి, టెండర్ పేరుతో, బిల్లు మంజూరు పేరుతో వచ్చే దొంగ మెయిల్‌ను నమ్మే అవకాశం కూడా ఎక్కువే.

చల్‌గల్ మామిడి మార్కెట్ సీజన్లో బయటి రాష్ట్రాల వ్యాపారులతో జరిగే బేరాలకూ ఇదే వర్తిస్తుంది. ఖాతా మారిందని మెయిల్ వస్తే పాత ఫోన్ నంబరుకు కాల్ చేసి, గొంతు గుర్తుపట్టి, ఆ తర్వాతే కట్టాలి. మెయిల్‌లో ఇచ్చిన కొత్త నంబరుకు కాల్ చేస్తే ఎత్తేది దొంగే.

ఇక ఫైలు దగ్గరికి వద్దాం. మెయిన్.సీఎఫ్ మామూలు టెక్స్ట్ ఫైలులాగే కనిపిస్తుంది కానీ దానికి సొంత వ్యాకరణం ఉంది. అది తెలియకుండా దిద్దేవాళ్లే ఎక్కువ. వరుస మొదట్లో ఖాళీ ఉంటే, అది కొత్త వరుస కాదు, పై వరుసకు కొనసాగింపు. అనుమతుల వరుసను చాలామంది ఇట్లా రాసుకుంటారు: మొదటి వరుసలో ఎస్‌ఎంటీపీడీ రిలే రిస్ట్రిక్షన్స్ అనే పేరు, దాని కింద ఖాళీ వదిలి ఒక్కో వరుసలో ఒక్కో షరతు. ఎవరో వచ్చి దీన్ని కాసేపు పక్కన పెడదామని మొదటి వరుస ముందు మాత్రమే హ్యాష్ గుర్తు పెట్టారనుకోండి. పేరు ఉన్న వరుస కామెంటైపోయింది. కింది షరతుల వరుసలు మాత్రం బతికే ఉన్నాయి. అవి అంతకు పైనున్న వేరే సెట్టింగుకు పోయి అతుక్కుంటాయి. రాసినవాడు ఒకటి అనుకుంటాడు, సర్వర్ ఇంకొకటి చదువుకుంటుంది.

అట్లాగే హ్యాష్ గుర్తు వరుస మొదట్లో ఉంటేనే కామెంటు. వరుస మధ్యలో పెట్టి, పక్కన "రమేష్ చెప్పిండు" అని రాసుకుంటే ఆ మాటలు కూడా సెట్టింగులో భాగమే అవుతాయి. ఒకే సెట్టింగు రెండుసార్లు రాస్తే చివరిదే చెల్లుతుంది. పైన పద్ధతిగా రాసిన మైనెట్‌వర్క్స్ చూసి అంతా బాగుందనుకుంటాం. మూడు పేజీల కింద, ఎవరో అర్ధరాత్రి అతికించిన నాలుగు సున్నాలు దాన్ని తుడిచిపెట్టి ఉంటాయి. అందుకని ఫైలును కళ్లతో చదివి సంతృప్తి పడొద్దు. పోస్ట్‌కాన్ఫ్ అని కొట్టి, పక్కన డ్యాష్, చిన్న ఎన్ పెట్టండి. సర్వర్ ఆ ఫైలు నుంచి నిజంగా ఏం తీసుకున్నదో అది చూపిస్తుంది. నమ్మాల్సింది దాన్నే.

షరతుల క్రమం ఇంకో గుంట. పోస్ట్‌ఫిక్స్ వాటిని రాసిన వరుసలో ఒక్కొక్కటిగా చూస్తుంది, ఏదో ఒకటి అవునన్నా కాదన్నా అక్కడే తీర్పు. రిజెక్ట్ అన్‌ఆథ్ డెస్టినేషన్, అంటే మనది కాని చోటికి పంపమంటే ఒప్పుకోకు అనే షరతు, అసలైన కాపలా. దానికి ముందే ఎవరైనా ఉత్త పర్మిట్ అని రాసి ఉంచితే కాపలావాడి దాకా ఎవరూ పోరు. ఆ కాపలా షరతు ఎక్కడా లేకపోతే పోస్ట్‌ఫిక్స్ మెయిల్ తీసుకోనంటుంది, అంతవరకు అది మంచిదే. కానీ షరతు ఉందా లేదా అన్నదే అది చూస్తుంది, సరైన చోట ఉందా అని చూడదు. ఎర్రర్ రాలేదు కాబట్టి సరిగ్గా రాశాననుకునేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

ఫైలు అక్షరం అక్షరం సరిగ్గా ఉండి కూడా సర్వర్ తెరిచి ఉండే సందర్భం ఒకటుంది. మన ఊళ్లలో ఎక్కువ ఆఫీసులు బ్రాడ్‌బ్యాండ్ రూటర్ వెనకే ఉంటాయి కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. బయటి నుంచి 25వ నంబరు పోర్టుకు వచ్చే కనెక్షన్‌ను రూటర్ లోపలి సర్వర్‌కు పంపుతుంది. కొన్ని రూటర్లు, కొన్ని ఫైర్‌వాల్ సెట్టింగులు అట్లా పంపేటప్పుడు వచ్చినవాడి అసలు అడ్రసు తీసేసి తమ అడ్రసు పెడతాయి. ఇప్పుడు రష్యా నుంచి వచ్చినవాడైనా సర్వర్‌కు 192.168.1.1 లాగానే కనిపిస్తాడు. మైనెట్‌వర్క్స్‌లో ఆఫీసు లోపలి అడ్రసులన్నీ, అంటే 192.168.1.0/24 రాసి ఉంటే, వాడు మనవాడే. డాకర్ కంటెయినర్లలో మెయిల్ సర్వర్ పెట్టేవాళ్లకూ ఇదే ప్రమాదం, అక్కడ అడ్రసు 172తో మొదలవుతుందంతే. మీ మెయిల్ లాగ్ తెరవండి. బయటి నుంచి వచ్చిన మెయిళ్లు కూడా ఒకే లోపలి అడ్రసు నుంచి వచ్చినట్టు కనిపిస్తున్నాయా? అయితే కింది పేరాలు తర్వాత చదవండి, ముందు 25వ పోర్టు ఫార్వార్డింగ్ ఆపండి.

తెరిచి ఉందో లేదో పరీక్షించడంలోనూ ఒక పొరపాటు మామూలైపోయింది. ఆఫీసులో కూర్చుని, ఆఫీసు వైఫై మీద పరీక్షిస్తారు. లోపలివాళ్లకు సర్వర్ ఎట్లాగూ ఒప్పుకుంటుంది, అది పరీక్షే కాదు. బయట వేరే చోట ఉన్న సర్వర్ నుంచి చేయాలి. మొబైల్ డేటా మీద 25వ పోర్టు తరచుగా బ్లాక్ అయి ఉంటుంది కాబట్టి ఫోన్‌తోనూ కుదరకపోవచ్చు. క్లౌడ్‌లో మెషిన్ ఉన్న స్నేహితుణ్ని అడగండి. పంపేవాడి అడ్రసు బయటిదై, అందుకునేవాడి అడ్రసు కూడా బయటిదై, పాస్‌వర్డ్ ఇవ్వకుండా ప్రయత్నిస్తే రిలే యాక్సెస్ డినైడ్ రావాలి. అందుకునేవాడి అడ్రసు ఇచ్చాక కూడా 250 ఓకే వచ్చిందా, సర్వర్ నెట్‌వర్క్ కేబుల్ తీసేయండి. సార్ గరమైనా పర్వాలేదు.

ఎవరి మెయిలైనా మోసుకుపోవడం ఒకప్పుడు తప్పు కాదు, మర్యాద. జాన్ పోస్టెల్ 1982లో ఎస్‌ఎంటీపీ పద్ధతిని రాసిపెట్టినప్పుడు నెట్‌వర్క్ మీద ఉన్నవాళ్లు కొద్దిమంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు. పక్క యూనివర్సిటీ మెయిల్‌ను ముందుకు పంపడం ఇరుగుపొరుగు సాయం. ఆ నమ్మకానికి మొదటి పెద్ద దెబ్బ 1988 నవంబర్ 2న తగిలింది. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన, దానంతటదే పాకే వార్మ్‌కు దొరికిన దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాములో తెరిచి ఉంచిన డీబగ్ సదుపాయం. సరిచూసుకోవడానికి వీలుగా ఉంటుందని పెట్టుకున్నదే చొరబడేవాడికి దారైంది. ఎరిక్ ఆల్మన్ రాసిన ఆ సెండ్‌మెయిల్ కాన్ఫిగరేషన్ ఎంత గడ్డుదంటే, దాన్ని చేత్తో దిద్దడం సొంతంగా ఒక విద్య అనిపించుకుంది. ఆ గొడవ తప్పించాలనే వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా 1998లో పోస్ట్‌ఫిక్స్ తెచ్చాడు. ఇందులో పేరు, సమానం గుర్తు, విలువ, అంతే. దిద్దడం తేలికైంది, తేలికగా దిద్దేవాళ్లూ ఎక్కువయ్యారు.

పాత వెర్షన్ల సంగతి క్లుప్తంగా. మీ సర్వర్ మీద సెంటోస్ 7 ఉంటే దానికి 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. 2019లో ఎగ్జిమ్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రాములో బయటపడిన లోపంతో బయటివాడు నేరుగా సర్వర్ మీద కమాండ్లు నడిపించగలిగేవాడు. 4.87 నుంచి 4.91 దాకా వెర్షన్లు దాని బారిన పడ్డాయి. 2023 డిసెంబర్‌లో బయటపెట్టిన ఎస్‌ఎంటీపీ స్మగ్లింగ్ అనే పద్ధతి ఇంకా మాయలమారిది. ఒక మెయిల్ కడుపులో ఇంకో మెయిల్ దాచి, అది వేరే పేరుమీద వచ్చినట్టు నమ్మించడం. పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్, సెండ్‌మెయిల్ మూడూ దానికి మందు వేసుకోవాల్సి వచ్చింది. అప్‌డేట్లు రాని సిస్టమ్‌కు ఆ మందు దానంతటదే రాదు. ఎంత జాగ్రత్తగా ఫైలు రాసినా కింద ప్రోగ్రామే పాతదైతే లాభం లేదు.

పేరు కాపాడుకోవడం ఇంకో సగం పని. మెయిల్‌కు కవరు మీద ఒక పేరు, లోపలి ఉత్తరం మీద ఒక పేరు ఉంటాయి. రెండింటినీ ఎవరైనా ఏమైనా రాయొచ్చు. దీన్ని కట్టడి చేయడానికే డీఎన్‌ఎస్‌లో ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు. మొదటిది మా పేరు మీద ఏ సర్వర్లు పంపొచ్చో చెబుతుంది, రెండోది ప్రతి మెయిల్‌కు ముద్ర వేస్తుంది, మూడోది ఈ రెండూ తప్పితే అందుకున్నవాళ్లు ఏం చేయాలో చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టుదలగా ఉన్నాయి. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవాళ్లకు మూడూ ఉండాల్సిందే, తక్కువ పంపేవాళ్లకు మొదటి రెండింట్లో ఒకటైనా ఉండాలి. మన దగ్గర జరిగేదేమిటంటే, మెయిల్ స్పామ్‌లో పడుతున్నదని ఎస్పీఎఫ్ చివర ప్లస్ ఆల్ అని రాసేస్తారు. అంటే లోకంలో ఏ సర్వర్ అయినా మా పేరు వాడుకోవచ్చని డీఎన్‌ఎస్‌లో చాటింపు వేసినట్టే. డీమార్క్‌ను నన్ అని పెట్టి ఏళ్ల తరబడి వదిలేస్తారు. రిపోర్టులు చూసుకునే కొద్ది వారాలకు నన్ పనికొస్తుంది. ఆ తర్వాత క్వారంటైన్‌కు, అక్కణ్నుంచి రిజెక్ట్‌కు మార్చకపోతే ఆ రికార్డు ఉన్నా లేనట్టే.

ఫైలులో ఇంకో వరుస కోసం కూడా వెతకండి: ఆల్వేస్ బీసీసీ. సర్వర్ గుండా పోయే ప్రతి మెయిల్‌కూ ఒక కాపీ ఫలానా అడ్రసుకు పంపు అని దాని పని. ఉద్యోగుల మీద కన్నేసి ఉంచడానికి యజమానులే ఒక్కోసారి పెట్టిస్తారు. చొరబడినవాడు కూడా అదే పెడతాడు. ఆ అడ్రసు ఎవరిదో ఇప్పుడు ఆఫీసులో ఎవరికైనా తెలుసా? వెళ్లిపోయిన ఉద్యోగి సొంత జీమెయిల్ అయితే, మీ దగ్గరికొచ్చిన పాస్‌పోర్టులు, రోగుల రిపోర్టులు, విద్యార్థుల ఆధార్ కాపీలు ఇన్నాళ్లూ అటే పోతున్నాయన్నమాట. ఎలియాసెస్ ఫైలులో రూట్ ఎదురుగా ఎవరి అడ్రసు ఉందో కూడా చూడండి. సర్వర్ పెట్టే ప్రతి మొర ఆ అడ్రసుకే పోతుంది. అది మార్చాక న్యూఎలియాసెస్ కమాండ్ కొట్టకపోతే మార్పు అమల్లోకి రాదు.

అనుభవం ఉన్నవాళ్లు కొందరు కోప్పడినా ఒక మాట చెప్పక తప్పదు. ఈ మూడు ఊళ్లలో సొంత మెయిల్ సర్వర్ అవసరమైన ఆఫీసులు చాలా తక్కువ. రోజూ లాగ్ చూసే మనిషి, నెలనెలా అప్‌డేట్ చేసే మనిషి లేకపోతే దాన్ని ఇంటర్నెట్ మీద పెట్టొద్దు. మెయిల్‌ను పేరున్న సర్వీసుకు అప్పగించి, మీ లైనెక్స్ మెషిన్‌లో ఇనెట్ ఇంటర్‌ఫేసెస్ అనే వరుసను లూప్‌బ్యాక్ ఓన్లీ అని మార్చండి. రిలేహోస్ట్ దగ్గర ఆ సర్వీసు సర్వర్ పేరు, విడిగా పాస్‌వర్డ్ ఫైలులో లాగిన్, పాస్‌వర్డ్ పెట్టండి. ఆ మెషిన్‌లో నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మెయిళ్లు దాని ద్వారా పోతాయి, బయటివాళ్లు ఎవరూ తలుపు తట్టలేరు. జిరాక్స్ మిషన్‌కు నేరుగా ఆ సర్వీసు లాగినే ఇవ్వొచ్చు. నెలకు కొంత ఖర్చవుతుంది. అవనీయండి.

సొంతంగానే నడుపుతామనేవాళ్లు మార్పుకు ముందు పాత ఫైలును తేదీ వేసి కాపీ పెట్టుకోవాలి. ఒకసారి ఒకటే మార్చాలి. పోస్ట్‌ఫిక్స్ చెక్ అని కొట్టి చూసి, ఆ తర్వాతే రీలోడ్ చేయాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ఫైలులోనే వేరే వరుసలో, మొదట్లో హ్యాష్ పెట్టి రాయాలి. బయటినుంచి మెయిల్ వాడే ఉద్యోగులకు 587 లేదా 465 పోర్టు, పాస్‌వర్డ్ తప్పనిసరి. ఒకరి పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి ఇంకొకరి పేరుమీద పంపే వీలు లేకుండా సెండర్ లాగిన్ మ్యాప్స్, రిజెక్ట్ సెండర్ లాగిన్ మిస్‌మ్యాచ్ రెండూ పెట్టాలి. ఊరి పేరు పక్కన 123 పెట్టే పాస్‌వర్డ్ ఒక్కటి చాలు, ఓపెన్ రిలే లేకున్నా అంత పనీ జరుగుతుంది. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలోనూ, సిరిసిల్ల జేఎన్‌టీయూ కాలేజీలోనూ కంప్యూటర్ సైన్స్ ల్యాబులో ఒక పూట ఈ ఫైలు మీద గడిపితే, ఫోన్ రాగానే సున్నాలు అతికించే అలవాటు కొంతైనా తగ్గుతుంది.

గల్ఫ్‌కు పోయేవాళ్లు, పంపే కుటుంబాలు మెయిల్‌లో పాస్ అని కనిపించినంత మాత్రాన డబ్బు కట్టొద్దు. రిక్రూటింగ్ ఏజెంటుకు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. అది ఉందో లేదో ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. వ్యక్తిగత ఖాతాకో, యూపీఐకో లక్షలు వేయమంటే అది ఆఫర్ లెటర్ కాదు.

తెరిచి ఉందని ఇప్పటికే తేలిందా? కేబుల్ తీశాక మొదట చేసేది క్యూ చూడడం. మెయిల్‌క్యూ అని కొడితే వేలల్లో మెయిళ్లు, తెలియని పేర్లు కనిపిస్తాయి. కంగారులో పోస్ట్‌సూపర్ కమాండ్‌తో అన్నీ డిలీట్ చేసేస్తారు చాలామంది. అందులో మీ అసలు మెయిళ్లూ ఉంటాయి, దొంగతనానికి సాక్ష్యమూ ఉంటుంది. డిలీట్ కాదు, హోల్డ్‌లో పెట్టండి. తర్వాత మెయిల్ లాగులన్నీ వేరే డిస్కులోకి కాపీ చేయండి. లాగుల గురించి చట్టం చెప్పేదీ, లైనెక్స్ చేసేదీ ఇక్కడ కలవవు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో దానికి రిపోర్టు చేయాలి. లాగ్‌రొటేట్ మాత్రం చాలా సిస్టమ్‌లలో వారానికో ఫైలు చొప్పున నాలుగు మాత్రమే ఉంచి పాతవి తుడిచేస్తుంది. నెల కిందట మొదలైన మోసానికి ఆధారం మీ సర్వరే మాయం చేస్తుందన్నమాట. ఆ నాలుగును ఇరవై ఆరుకు పైగా మార్చుకోవడానికి ఒక్క అంకె దిద్దితే చాలు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సరైన భద్రత పెట్టనివాళ్లకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా రాసి ఉందని యజమానులు గుర్తుంచుకుంటే, ఆ పని మరీ కష్టమనిపించదు.

డబ్బు పోయినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే కాల్ చేయాలి. గంటల్లో చేస్తే దొంగ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉంటుంది, రోజులు గడిస్తే ఉండదు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు రాయాలి. ఆ ఫిర్యాదుకు మెయిల్ స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, పూర్తి హెడర్లతో ఉన్న అసలు మెయిల్ కావాలి. వాట్సాప్‌లో ఫార్వార్డ్ చేసిన ఫొటోలో ఏ సర్వర్ నుంచి వచ్చిందో ఉండదు. కాబట్టి మోసం అని తెలియగానే ఆ మెయిల్‌ను తుడిచేయకుండా, కంప్యూటర్లో తెరిచి, అసలు మెసేజ్‌ను ఫైలుగా దింపుకుని పోలీసు స్టేషన్‌కు తీసుకెళ్లండి. ఏ ఆఫీసు పేరుమీద మెయిల్ వచ్చిందో ఆ ఆఫీసుకు అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. వాళ్ల సర్వర్ తెరిచి ఉందని వాళ్లకింకా తెలియకపోవచ్చు.